చేతిలో పని ఉంది, కాగితం ఏది?

గళ్ళ గళ్ళ ప్లాస్టిక్ జిప్పు సంచి మన ఇళ్ళలోనూ ఉంటుంది. చలికాలం దుప్పట్లు కుక్కి అటక మీద పెట్టేది, ఊరెళ్ళేటప్పుడు బస్సు పైకి ఎక్కించేది అదే. పశ్చిమ ఆఫ్రికాలో ఆ సంచికి ఒక పేరుంది: 'ఘనా మస్ట్ గో'. ఘనా వాళ్ళు వెళ్ళిపోవాల్సిందే అని అర్థం. 1983 జనవరిలో నైజీరియా ప్రభుత్వం కాగితాలు లేని విదేశీయులంతా రెండు వారాల్లో దేశం విడిచి పోవాలని ఆదేశించింది. పది లక్షల మంది దాకా ఘనా వాళ్ళు తమ సామానంతా ఆ సంచుల్లో కుక్కుకుని రోడ్డున పడ్డారు. సొంత దేశంలో చూస్తే ఆ ఏడాది కరువు. అడవులూ చేలూ తగలబడి తిండి గింజ దొరకని కాలం. అప్పటినుంచి సంచికి ఆ పేరు స్థిరపడిపోయింది.

ఆ గుంపులో మేస్త్రీలున్నారు, మెకానిక్‌లున్నారు, బళ్ళలో పాఠాలు చెప్పే పంతుళ్ళున్నారు. పని రాదని వాళ్ళలో ఎవరినీ వెళ్ళగొట్టలేదు. కాగితం లేదని వెళ్ళగొట్టారు.

ఐటీఐ పిల్లలతో మాట్లాడాల్సి వచ్చినప్పుడు నేను ఈ సంచి సంగతితోనే మొదలుపెడతాను. ఎందుకంటే ప్రతి తరగతిలోనూ ఒకరైనా లేచి అడిగే మాట ఒకటుంది: "పని బాగా వస్తే ఎక్కడికెళ్ళినా బతకొచ్చు కదా సార్, ఈ సర్టిఫికెట్లన్నీ దేనికి?" బతకొచ్చు, నిజమే. కానీ ఎలా బతుకుతామన్నది వేరే ప్రశ్న. దానికి జవాబుగా ఘనా నుంచి అమెరికా వెళ్ళి ఏసీ టెక్నీషియన్‌గా నిలదొక్కుకున్న ఒక మనిషి జీవితం చెబుతాను. ఇతను ఒక్కడు కాడు. ఆ దారిన నడిచిన ఎందరి బతుకుల్లోంచో కూర్చుకున్న మనిషి. శుక్రవారం పుట్టాడనుకుందాం. ఘనాలోని ఆకాన్ ప్రజల్లో శుక్రవారం పుట్టిన మగపిల్లవాడు కోఫీ, ఆడపిల్ల అఫువా. కాబట్టి ఇతన్ని కోఫీ అనే పిలుద్దాం.

కోఫీ పెరిగింది కుమాసీలో. అషాంటి ప్రాంతానికి అదే ముఖ్యపట్టణం. ఆ ఊళ్ళో సువామే మ్యాగజీన్ అనే పేట ఉంది. మ్యాగజీన్ అంటే అక్కడ పుస్తకం కాదు, ఒకప్పటి ఆయుధాల నిల్వ స్థలం. ఇప్పుడు పశ్చిమ ఆఫ్రికాలోనే అతి పెద్ద మెకానిక్ పేటల్లో అదొకటి. విజయవాడ ఆటోనగర్ చూసినవాళ్ళకు సువామే అంటే ఏమిటో సులువుగా అర్థమవుతుంది. కిలోమీటర్ల కొద్దీ షెడ్లు, విప్పేసిన ఇంజన్లు, నూనె పీల్చి నల్లబడ్డ నేల, వెల్డింగ్ మెరుపులు. యూరప్‌లో, అమెరికాలో వాడి పడేసిన కారు అక్కడికొచ్చి మళ్ళీ పదిహేనేళ్ళు తిరుగుతుంది. విడిభాగం దొరక్కపోతే లేత్ మీద చేసేస్తారు. కుమాసీలోని శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం 1972లో ఒక సాంకేతిక సలహా కేంద్రం పెట్టి, 1980లో ఈ పేటలోనే ఒక వర్క్‌షాపు తెరిచింది. లేత్ పని, పోత పని చేసేవాళ్ళ మధ్యకు ఇంజనీర్లు వచ్చి కూర్చున్నారు. మన విశ్వవిద్యాలయాలు మన ఆటోనగర్లకు ఈ మాత్రం దగ్గరగా వచ్చి ఉంటే ఎంత బాగుండేదో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

మెకానిక్‌ని అక్కడ ఫిట్టర్ అంటారు. పని నేర్పేవాడు మాస్టర్. హైదరాబాద్ గ్యారేజీల్లో మనం ఉస్తాద్ అనే మనిషే. పిల్లవాణ్ణి పనిలో పెట్టేటప్పుడు ఇంటి పెద్దలు కొంత రుసుము కట్టి, ఒక మద్యం సీసా తీసుకెళ్ళి మాస్టర్ చేతిలో పెట్టడం ఆనవాయితీ. అదే ఒప్పందం. తర్వాత మూడు నాలుగేళ్ళు. మొదట్లో ఊడ్వడం, నట్లు కిరోసిన్‌లో కడగడం, మాస్టర్‌కి అన్నం తేవడం. రెండో ఏడు పానా చేతికొస్తుంది. పని పూర్తిగా వచ్చిందని మాస్టర్‌కి అనిపించిన రోజు చిన్న వేడుక చేసి, దీవించి పంపిస్తాడు. కోఫీ కార్ల ఏసీ పని నేర్చుకున్నాడు. కంప్రెసర్ శబ్దం విని జబ్బేమిటో చెప్పగలిగేంత నేర్చుకున్నాడు.

అయితే కోఫీ జీవితంలో అసలు మలుపు షెడ్డులో జరగలేదు, ఇంట్లో జరిగింది. జూనియర్ హైస్కూలు అయిపోయాక చాలామంది పిల్లలు నేరుగా షెడ్డుకే పోతారు. ఘనాలో సీనియర్ హైస్కూలు 2017 దాకా ఉచితం కాదు, ఫీజులు కట్టలేని ఇళ్ళు వేలల్లో ఉండేవి. కోఫీ తల్లి బజార్లో టమాటాలు అమ్మేది. నైజీరియా నుంచి ఆ గళ్ళ సంచితో నడిచొచ్చినవాళ్ళలో ఆవిడా ఒకరు. "షెడ్డు ఎక్కడికీ పోదు, ముందు బడి పూర్తి చెయ్యి" అని పట్టుబట్టింది. కోఫీ టెక్నికల్ స్కూల్లో చదివి సెకండరీ సర్టిఫికెట్ తెచ్చుకున్నాక షెడ్డులో అడుగుపెట్టాడు. తోటివాళ్ళు అప్పటికి మూడేళ్ళు ముందున్నారు. తాను వెనకబడ్డానని అతనికి చాలా కాలం బాధగానే ఉండేది.

ఆ మూడేళ్ళ విలువ పదేళ్ళ తర్వాత తెలిసింది. అమెరికా 1990 నాటి వలస చట్టం కింద, తమ దేశానికి తక్కువగా వలస వస్తున్న దేశాల వాళ్ళకోసం ఏటా 55,000 వరకు వీసాలు లాటరీ పద్ధతిలో ఇచ్చే ఏర్పాటు చేసింది. ఘనా నుంచి వేలమంది ఆ దారిన వెళ్ళారు. లాటరీ అంటే అదృష్టమే అనుకుంటాం. కానీ పేరు వచ్చినంత మాత్రాన వీసా రాదు. హైస్కూలు చదువు పూర్తయి ఉండాలి. లేదంటే, కనీసం రెండేళ్ళ శిక్షణ కావలసిన వృత్తిలో గత ఐదేళ్ళలో రెండేళ్ళ అనుభవం చూపించాలి. ఆ వృత్తి కూడా అమెరికా కార్మిక శాఖ జాబితాలో ఫలానా స్థాయిలో ఉండి తీరాలి. మామూలు కారు మెకానిక్ పని ఆ స్థాయికి అందదు. అంటే ఇరవయ్యేళ్ళు ఇంజన్లు విప్పిన మాస్టర్‌కి పేరొచ్చినా ఇంటర్వ్యూలో ఆగిపోవచ్చు. సెకండరీ సర్టిఫికెట్ ఉన్న అతని శిష్యుడు విమానం ఎక్కుతాడు. ఈ నియమం న్యాయమా అని అడిగితే నేను కాదనే అంటాను. అయినా గుమ్మం దగ్గర ఉన్న నియమం అదే.

ఒక జాగ్రత్త. ఆ లాటరీలో భారతీయులకు చోటు లేదు. మన దేశం నుంచి ఇప్పటికే వలస ఎక్కువ కాబట్టి మనల్ని అర్హుల జాబితాలో చేర్చరు. మీ పేరు లాటరీలో పెట్టిస్తానని ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమే. ఇలాంటి దారులు ప్రభుత్వాలు మారినప్పుడల్లా మారుతుంటాయి, మూసుకుపోతుంటాయి కూడా. కోఫీ ఏ దారిన వెళ్ళాడన్నది మీకు పనికిరాదు. దారి తెరుచుకున్న రోజున అతని దగ్గర ఏమేం సిద్ధంగా ఉన్నాయో అది పనికొస్తుంది.

సిద్ధంగా లేనిది కూడా ఒకటుంది, పేరు. బడి రికార్డులో ఒక పేరు, చర్చిలో జ్ఞానస్నానం నాటి ఇంగ్లీషు పేరు ఒకటి, ఇంట్లో వారం పేరు, తాత పేరు ముందో వెనకో. దరఖాస్తులో భార్య పేరు, పిల్లలందరి పేర్లు ఉండాలి. ఒక బిడ్డను వదిలేస్తే కుటుంబం మొత్తానికి వీసా పోతుంది. ఈ పేర్ల చిక్కు తీర్చడానికి అఫిడవిట్లు, గెజిట్లు అంటూ అతను ఆక్రా చుట్టూ తిరిగాడు. వీసా బ్రోకర్లను అక్కడ 'కనెక్షన్ మ్యాన్' అంటారు. తానైతే వారంలో చేయించేస్తానని ఒకడు వెంటపడ్డాడు. కోఫీ ఆ మాటకు లొంగలేదు. నెలల తరబడి వరసలో నిలబడి తానే చేయించుకున్నాడు.

మన పిల్లల సంగతి ఇంతకంటే మెరుగ్గా ఏమీ లేదు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, ఐటీఐ సర్టిఫికెట్‌లో పొడి అక్షరం, ఆధార్‌లో ఇంటిపేరే లేదు, పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా ఒక గడిలో. తెలుగు పేర్లకు ఈ బాధ పుట్టుకతో వచ్చిందే. ఉద్యోగం ఖాయమై, టికెట్టు బుక్ చేసే వారంలో ఇది బయటపడి అవకాశం జారిపోయిన అబ్బాయిల్ని చూశాను.

ఇప్పుడు న్యూయార్క్ వెళ్దాం. నగరం ఉత్తరాన ఉన్న బ్రాంక్స్‌లో ఘనా వాళ్ళు పెద్ద సంఖ్యలో ఉంటారు. కోఫీ పినతల్లి కొడుకు ఇంట్లో హాల్లో పరుపు వేసుకుని మొదటి ఏడు గడిపాడు. గ్రీన్ కార్డు చేతిలో ఉంది కాబట్టి పని చేసుకునే హక్కుంది. పన్నెండేళ్ళ అనుభవం ఉంది. అయినా మొదటి ఉద్యోగం కార్లు కడిగే చోట, రెండోది రాత్రి కాపలా. ఏసీ కంపెనీల్లో అడిగితే "608 ఉందా?" అని ఒకటే ప్రశ్న.

ఈ 608 గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఏసీలో, ఫ్రిజ్‌లో ఉండే గ్యాస్ గాల్లోకి వదిలితే వాతావరణానికి హాని. అందుకే అమెరికాలో గాలి పరిశుభ్రత చట్టంలోని 608వ సెక్షన్ కింద, ఏసీ గ్యాస్‌తో పనిచేసే ప్రతి టెక్నీషియన్ పరీక్ష పాసై సర్టిఫికెట్ తీసుకోవాలి. 1994 నవంబరు నుంచి ఇది తప్పనిసరి. కార్ల ఏసీకి విడిగా 609 ఉంది. 608లో నాలుగు భాగాలు: అందరూ రాయాల్సిన మౌలిక భాగం, చిన్న పరికరాలు, ఎక్కువ పీడనం మీద నడిచేవి, తక్కువ పీడనం మీద నడిచేవి. ఒక్కో భాగంలో 25 ప్రశ్నలు. 18 సరైతే పాస్. నాలుగూ పాసైతే యూనివర్సల్ సర్టిఫికెట్. దానికి కాలపరిమితి లేదు, జీవితాంతం చెల్లుతుంది.

పన్నెండేళ్ళు ఏసీలు బాగుచేసిన కోఫీ మొదటిసారి తప్పాడు. కారణం అతను తానే చెబుతాడు. సువామేలో గ్యాస్ తీయాలంటే వాల్వు విప్పి గాల్లోకి వదిలేయడమే. మన ఊళ్ళలో ఏసీ మెకానిక్‌లు చేసేదీ అదే. పరీక్షలో సగం ప్రశ్నలు గ్యాస్‌ను ఎలా పట్టి నిల్వ చేయాలి, సిలిండర్ ఎంత వరకు నింపాలి, లీకు ఎంతైతే మరమ్మతు చేసి తీరాలి అనే వాటి మీద ఉన్నాయి. అంటే పనిలో ఇంతకాలం ఎవరూ నేర్పని సగం అది. చెయ్యి తిరిగినవాడు కదా, పుస్తకం దేనికని వెళ్ళాడు. రెండోసారి కూర్చుని చదివాడు. రాత్రి కాపలా కుర్చీలోనే పుస్తకం పూర్తి చేసి, నాలుగు భాగాలూ పాసయ్యాడు.

ఆ తర్వాత హెల్పర్‌గా పని దొరికింది. జనవరిలో ఆరంతస్తుల భవనం కప్పు మీద, చేతి తొడుగుల్లోనూ వేళ్ళు కొంకర్లు పోయే చలిలో హీటింగ్ యూనిట్లు విప్పడం. ఆగస్టులో అదే కప్పు మీద నిప్పులాంటి ఎండలో కంప్రెసర్లు మార్చడం. వాళ్ళ రంగంలో హీటింగు, వెంటిలేషను, ఏసీ మూడూ ఒకే వృత్తి. మన దగ్గర ఏసీ ఒక్కటే నేర్చినవాడు అక్కడికెళ్తే హీటింగు కొత్తగా నేర్చుకోవాలి. కోఫీకి బాయిలర్ అంటే ఏమిటో తెలియదు. తనకంటే పదేళ్ళు చిన్నవాడైన టెక్నీషియన్ దగ్గర నేర్చుకున్నాడు. అలా అడిగి నేర్చుకోగలగడం అతనిలో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం. మూడేళ్ళకు అతనికి సొంత వ్యాన్, సొంత రూటు వచ్చాయి.

జీతం ఎంత అని మీరు అడుగుతారని తెలుసు. 2023 మే నెల నాటి అమెరికా కార్మిక గణాంకాల శాఖ లెక్కల్లో ఈ వృత్తిలో మధ్యస్థ వార్షిక వేతనం 57,300 డాలర్లు. సగం మందికి అంతకన్నా ఎక్కువ, సగం మందికి తక్కువ. దాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకోకండి. న్యూయార్క్‌లో వచ్చే డాలరు న్యూయార్క్‌లోనే ఖర్చవుతుంది. అద్దె, ఇన్సూరెన్సు, పిల్లల సంరక్షణ పోగా మిగిలిందే మీ జీతం.

మిగలడానికి కారణం కోఫీ ఒక్కడే కాదు. అతని భార్య గురించి ఇన్ని వాక్యాల తర్వాత చెప్పడం నా తప్పే, ఆ ఇంటికి రెండో ఆదాయం కాదు, రెండో పునాది ఆమె. ఘనా నుంచి వచ్చిన స్త్రీలలో చాలామందిలాగే ఆమె కూడా మొదట వృద్ధులను ఇళ్ళలో చూసుకునే సహాయకురాలిగా చేరింది. స్నానం చేయించడం, మందులివ్వడం, మంచం మీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టడం. నడుములు విరిగే పని. ఆ పనికి అదే 2023 లెక్కల్లో మధ్యస్థ వేతనం 33,530 డాలర్లు. ఏడాది పాటు చదివి లైసెన్సు పొందిన ప్రాక్టికల్ నర్సుకు 59,730. రిజిస్టర్డ్ నర్సుకు 86,070. మూడూ రోగి మంచం పక్కనే చేసే పనులు. మధ్యలో ఉన్నది చదువు, పరీక్ష, లైసెన్సు. ఈ మూడు అంకెల్ని ఒకదాని కింద ఒకటి రాసి మీ బల్ల ముందు అంటించుకోమంటాను. నైపుణ్యం, కాగితం కలిస్తే ఏమవుతుందో ఇంతకంటే స్పష్టంగా నేను చెప్పలేను.

కోఫీ వ్యాన్ వచ్చిన ఏడాది దంపతులు కూర్చుని ఒక నిర్ణయం తీసుకున్నారు. రెండేళ్ళు కొత్త ఖర్చులేవీ పెట్టుకోరు, ఆమె పని గంటలు తగ్గించుకుని నర్సింగ్ చదువుతుంది. అతను శని, ఆదివారాల్లో ఎమర్జెన్సీ కాల్స్ తీసుకున్నాడు. ఆమె తరగతి ఉన్న సాయంత్రాలు వంట అతనిదే. టమాటా పులుసు, అన్నం, ఎండు చేప. అది చూసి అతని బంధువు ఒకాయన నవ్వాడట. నవ్వినవాళ్ళ ఇంట్లో ఇంకా ఒకటే జీతం.

వాళ్ళకు కాలేజీ ఫీజు డబ్బు బ్యాంకు అప్పుగా రాలేదు. సుసు నుంచి వచ్చింది. సుసు అంటే మన చీటీయే. పన్నెండు మంది నెలనెలా ఇంత అని వేస్తారు, వంతు ప్రకారం ఒక్కొక్కరు మొత్తం తీసుకుంటారు. కాకపోతే పాట పాడరు. ఎవరికి అవసరం ఎక్కువో వాళ్ళకు ముందు ఇస్తారు. కొత్త దేశంలో బ్యాంకు నమ్మని మనిషిని సొంత ఊరివాళ్ళు నమ్మితే వచ్చే డబ్బు అది. అయితే చీటీ మునిగితే ఏమవుతుందో మనకు తెలిసిందే, వాళ్ళకూ తెలుసు. అందుకే తెలిసిన పన్నెండు మందిని దాటి పోరు.

ఊరికి పంపే డబ్బు గురించి మాట్లాడకపోతే వలస కుటుంబం గురించి మాట్లాడినట్టు కాదు. విదేశాల నుంచి సెలవుకొచ్చిన వాళ్ళను ఘనాలో 'బొర్గా' అంటారు. ఒకప్పుడు ఎక్కువమంది జర్మనీలోని హాంబర్గ్‌కు వెళ్ళేవాళ్ళు, ఆ ఊరి పేరు నుంచి వచ్చిన మాట అది. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో 'దుబాయి ఆయన' అన్నట్టే. బొర్గా అంటే డబ్బున్నవాడని ఊరు అనుకుంటుంది. మేనల్లుడి ఫీజు, పెద్దమ్మ ఆపరేషను, చుట్టాల చావు ఖర్చు. ఘనాలో అంత్యక్రియలు పెళ్ళి కంటే పెద్దగా జరుగుతాయి. కాదనలేక రెండు ఉద్యోగాలు చేసి, ఒంట్లో రక్తపోటు తెచ్చుకున్నవాళ్ళు ఆ సమాజంలో చాలామంది ఉన్నారు. మన గల్ఫ్ కుటుంబాల్లోనూ ఉన్నారు. కోఫీ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. నెలకు ఇంత అని తల్లికి పంపుతాడు. ఎవరికి ఎంత ఇవ్వాలో ఆవిడే చూసుకుంటుంది. ఎవరు ఫోన్ చేసినా "అమ్మను అడుగు" అంటాడు. టమాటాల బజారు నడిపిన మనిషికి ఎవరి అవసరం నిజమో తెలియకుండా ఉంటుందా?

ఇల్లు కట్టే విషయంలో మాత్రం దెబ్బ తినబోయి తప్పించుకున్నాడు. ఆకాన్లది తల్లి వైపు వంశం. ఆస్తి సంప్రదాయంగా మేనల్లుళ్ళకు పోయేది, భార్యాబిడ్డలకు కాదు. వీలునామా లేకుండా భర్త పోతే భార్య, పిల్లలు రోడ్డున పడేవాళ్ళు. 1985లో వచ్చిన వారసత్వ చట్టం ఇంటిని, ఇంటి సామానును భార్యకూ పిల్లలకూ హక్కుగా ఇచ్చింది. కానీ కుటుంబ స్థలంలో తన డబ్బుతో కట్టిన గదుల సంగతి చట్టంలో అంత తేలిక కాదు. తమ్ముడు ఆ స్థలంలోనే కట్టమన్నాడు. కోఫీ వేరే స్థలం కొని, తన పేరా భార్య పేరా పత్రం రాయించుకుని అప్పుడు పునాది తీశాడు. ఏడేళ్ళు పట్టింది పైకప్పు పడడానికి. మన దగ్గర అన్నదమ్ముల ఉమ్మడి స్థలంలో గల్ఫ్ డబ్బుతో మేడ కట్టి, తిరిగొచ్చాక కోర్టు మెట్లెక్కినవాళ్ళు ఇది చదివితే నిట్టూరుస్తారు.

పిల్లల గురించి ఒక మాట. ఆకాన్ ఇళ్ళలో బిడ్డ పుట్టిన ఎనిమిదో రోజు పేరు పెడతారు. బారసాల లాంటిదే. పెద్దమనిషి వేలితో బిడ్డ నాలుక మీద నీటిబొట్టు, ఆ తర్వాత మద్యం బొట్టు తాకిస్తాడు. నీళ్ళయితే నీళ్ళని చెప్పు, మద్యమైతే మద్యమని చెప్పు అని బిడ్డకు చెబుతాడు. కోఫీ పిల్లలిద్దరికీ బ్రాంక్స్‌లో అలాగే జరిగింది. ఆ వేడుక చేతిపని చేసేవాళ్ళకు ప్రత్యేకంగా చేసినట్టు నాకు అనిపిస్తుంది. కెపాసిటర్ పోయిందంటే కెపాసిటర్ అని చెప్పాలి, కంప్రెసర్ పోయిందని చెప్పి పదింతలు గుంజకూడదు. నాలుగు భవనాల యజమానులు కోఫీని పేరుపెట్టి పిలుస్తున్నారంటే కారణం అదే.

చేతిపని చేసే తల్లిదండ్రుల పిల్లలు ఎక్కడికి చేరగలరో చెప్పడానికి ఒక నిజమైన పేరు ఉంది: వర్జిల్ అబ్లో. ఘనా నుంచి వలస వచ్చిన దంపతులకు 1980లో ఇలినాయిస్ రాష్ట్రంలోని రాక్‌ఫర్డ్‌లో పుట్టాడు. తండ్రి పెయింట్ కంపెనీలో పనిచేసేవాడు, తల్లి కుట్టుపని చేసేది. కుట్టడం ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. సివిల్ ఇంజనీరింగ్ చదివాడు, ఆ తర్వాత ఆర్కిటెక్చర్‌లో మాస్టర్స్. 2018లో లూయీ విటాన్ పురుషుల దుస్తుల విభాగానికి ఆర్టిస్టిక్ డైరెక్టర్ అయ్యాడు. ఆ స్థానంలో కూర్చున్న మొదటి నల్లజాతి మనిషి. 2021లో నలభై ఒక్క ఏళ్ళకే క్యాన్సర్‌తో పోయాడు. అమ్మ కుట్టుమిషన్ అతను పడేసిన సామాను కాదు, చివరిదాకా చేతిలో ఉన్న పనిముట్టు. చేతిపని చేసే ఇంట్లో పుట్టానని సిగ్గుపడే పిల్లలెవరైనా ఉంటే ఈ పేరు గుర్తుంచుకోండి.

ఇక మీ సంగతి. మీరు ఐటీఐలో రిఫ్రిజిరేషన్, ఏసీ ట్రేడు చదువుతుంటే రెండేళ్ళ తర్వాత నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది. దాని తర్వాత అప్రెంటిస్‌షిప్ చేసి జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ కూడా తెచ్చుకోండి. చాలామంది స్టైపెండ్ తక్కువని ఆ ఏడాది వదిలేసి లోకల్ షాపులో చేరిపోతారు. కోఫీ ఆలస్యంగా షెడ్డుకెళ్ళినట్టే ఇదీ ఆలస్యంలా కనిపిస్తుంది. మీరు ఏ చదువూ లేకుండా షాపులోనే పని నేర్చుకున్నవారైతే, ముందే వచ్చిన పనిని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే పథకాలు మన దేశంలోనూ ఉన్నాయి. దగ్గర్లోని నైపుణ్య కేంద్రంలో అడగండి. పదో తరగతి ఆగిపోయి ఉంటే ఓపెన్ స్కూల్లో పూర్తి చేయండి. పది పాసైతే పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ తనిఖీ అక్కర్లేదు. పాసవ్వకపోతే గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్ళడానికి ఆ క్లియరెన్స్ తప్పదు.

పనిలోనూ కొత్తదనం వచ్చేసింది. అమెరికాలో ఆర్-22 గ్యాస్ తయారీ, దిగుమతి 2020 జనవరి 1తో ఆగిపోయాయి. మన ఇళ్ళలోకి వస్తున్న కొత్త స్ప్లిట్ ఏసీల్లో ఎక్కువ భాగం ఆర్-32తో నడుస్తున్నాయి. అది కొద్దిగా మండే గ్యాస్. పాత ఆర్-22 అలవాటుతో లీకు ఉన్నచోట బ్రేజింగ్ మంట పెడితే ప్రాణం మీదికొస్తుంది. వాక్యూమ్ పంపు పెట్టకుండా గ్యాస్ ఎక్కించే ఉస్తాద్ దగ్గర ఉంటే, అతనిపట్ల గౌరవం పోనివ్వకుండానే సరైన పద్ధతి వేరే చోట నేర్చుకోండి. గ్యాస్ గాల్లోకి వదలడం మానేయండి. కోఫీకి పరీక్షలో అడ్డొచ్చింది ఆ అలవాటే. సౌదీ అరేబియా ఇప్పుడు వెల్డర్లు, ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, ఏసీ టెక్నీషియన్లకు నైపుణ్య పరీక్ష పెడుతోంది. దాన్ని మన దేశంలోనే రాసి పాసై వెళ్ళాలి.

బయటి దేశం వెళ్ళాలనుకుంటే, మన 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టర్ అయిన ఏజెంటు ద్వారానే వెళ్ళండి. ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో పేరు చూసుకోవచ్చు. ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగితే రసీదు అడగండి. రసీదు ఇవ్వడు, అప్పుడు మీకే అర్థమవుతుంది. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ ప్రభుత్వమే నడిపే సంస్థలు. వాటి దగ్గరికి ముందు వెళ్ళండి. ప్రవాసీ భారతీయ బీమా పథకంలో రెండేళ్ళకు 275, మూడేళ్ళకు 375 రూపాయల ప్రీమియంతో పది లక్షల ప్రమాద బీమా ఉంది. అది తీసుకోకుండా విమానం ఎక్కవద్దు.

పెళ్ళయినవాళ్ళయితే ఒక పని వెళ్ళకముందే చేయండి. ఇద్దరూ కూర్చుని, మొదటి రెండేళ్ళు ఎవరు ఏం చదువుతారు, ఊరికి నెలకు ఎంత పంపుతారు, ఎవరి చేతికి పంపుతారు అన్నవి కాగితం మీద రాసుకోండి. భార్య చదువు ఖర్చు ఆ లెక్కలో మొదటి వరుసలో ఉండాలి.

వెళ్ళినా, ఊళ్ళోనే ఉన్నా, ఈ ఆదివారం గంటసేపు వెచ్చించండి. పదో తరగతి మెమో, ఐటీఐ సర్టిఫికెట్, ఆధార్, పాస్‌పోర్టు నాలుగూ బల్ల మీద పక్కపక్కన పెట్టి మీ పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం పోల్చి చూడండి. తేడా కనిపిస్తే సోమవారం పొద్దున్నే దిద్దించుకునే పని మొదలుపెట్టండి.